మూడున్నర లీటర్లు

చిన్నోబులేసు బండి తెచ్చేసరికి
షువైఖ్‌లో షెడ్డు నీడ కూడా కాలుతోంది.
మీటరు మీద నాలుగు లక్షల పన్నెండు వేలు.
"రెండు నుంచి మూడుకు పొయ్యేటప్పుడు
ఎవురో ఎనక నుంచి తన్నినట్టుంటాదన్నా" అన్నాడు.

ఇంజను ఆపొద్దన్నాను.
చల్లగా ఉన్నప్పుడు అడిగితే
గేరు నూనె అబద్ధం చెబుతుంది.
వేడి మీద, ఇంజను తిరుగుతుండగానే
పుల్ల లాగి, తుడిచి, ముంచి, మళ్ళీ లాగాలి.
తెల్ల టిష్యూ మీద ఒక చుక్క.
కొత్తలో అది దానిమ్మ రసం.
ఇప్పుడు మూడోసారి కాచిన చింతపండు పులుసు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను:
పప్పు అడుగంటుతోంది, మాడలేదింకా.
మాడి ఉంటే టీ తాగించి పంపేవాణ్ణి.

"మిషను పెట్టి మొత్తం కడిగెయ్యన్నా,
కొత్త నూనె పోద్దాం, లెక్క బాబా ఇస్తాడు."

వద్దబ్బీ.
ఇన్నేళ్ళూ క్లచ్చు బిళ్ళలు అరిగి రాలిన పొడి
ఆ నూనెలోనే తిరుగుతోంది.
జారిపోయే బిళ్ళకు ఆ మురికే ఇప్పుడు పట్టు.
పక్క షెడ్డువాడు కడిగిన బండ్లు చూశాను,
ఆరో రింగు రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం,
లోపలంతా శుభ్రంగా
నిలబడిపోయి ఉంటాయి.

మూడున్నర లీటర్లు దించుతాను.
మూడున్నర లీటర్లు పోస్తాను.
వారం నడిపి మళ్ళీ రా.
ఫర్వానియాలో పదకొండు మందిమి పడుకునే గదిలోకి
పన్నెండోవాడు పెట్టె పట్టుకొని వస్తే
ఒక్క రాత్రిలో సర్దుకున్నామా?
ఎవరి గురకేదో, ఎవరి చెప్పులేవో
తెలియడానికే నెల పట్టింది.

కింద దూరి ట్రే విప్పాను.
మూలన అయస్కాంతం, దాని మీద బూడిదరంగు నూగు,
పద్నాలుగేళ్ళ పిల్లోడి మీసమంత.
వేళ్ళ మధ్య రుద్దాను.
గుచ్చుకుంటే ముక్క. మెత్తగా పోతే వయసు.
మెత్తగానే పోయింది.
తుడవబోతున్న రిపన్ చెయ్యి పట్టుకొని
"చూసినావా" అన్నాను. సిల్హెట్ కుర్రాడు,
తెలుగు రాదు, తల ఊపాడు.

ఓబులేసు పక్కనే గొంతుకూర్చున్నాడు.
ఇంట్లో కొత్త బండి వచ్చిందట, పెద్ద తెరతో,
దానికదే బ్రేకు వేసుకుంటుందట.
మామా మాత్రం అది ఎక్కదు.
ఈ పాతదాని మెట్టు ఎత్తు ఆమె కాలికి తెలుసు.
గురువారం వఫ్రా తోటకి
ఖర్జూరాల బుట్టా, ఆమే, వీడూ.
"ఇది పోతే" అని ఆగాడు.
నట్టు బిగిస్తూ నేనూ అడగలేదు.
బండీ వీడూ ఒకే ఏడు వచ్చారు ఈ ఊరికి.
ఇకామాలో వీడి పని పేరు: డ్రైవరు.

కాసేపటికి "ఎంతకాలం వస్తాదన్నా?"

చెప్పలేదు. వేరేవి చెప్పాను.
బండి పూర్తిగా ఆగకుండా రివర్సు వెయ్యొద్దు.
రేడియేటరు ముందర చిన్న కూలరొకటి పెడతాను,
నూనె చచ్చేది దూరానికి కాదు, వేడికి.
ఇసకలో చక్రం దిగబడితే యాక్సిలేటరు తొక్కకు,
దిగి చేతుల్తో తవ్వు.
ఆటోమేటిక్ అంటే దానంతటదే అనుకుంటారు.
కనపడని గేర్లే అబ్బీ,
ఎక్కువ కనిపెట్టుకోవలసినవి.

సాయంత్రం బాంగు అయ్యాక
"బ్రేకు మీద కాలు పెట్టి డి లో వెయ్" అన్నాను.
వేశాడు.
ముగ్గురం వింటున్నాం.
ఏమీ లేదు —
పీట మీంచి లేవమంటే నా ఎడమ మోకాలు
ఆలోచించుకునేంతసేపు —
తర్వాత పట్టింది. బండి ఒళ్ళు కదిలింది.

"ఒకటి అనేలోగా పట్టాల.
రెండు అన్నావంటే నా దగ్గరికి రా.
మూడు దాకా ఎంచొద్దు."

డబ్బులిచ్చి, చిల్లర రిపన్‌కి వదిలేసి పోయాడు.
గేటు దగ్గర ఆగి
లారీని పోనిచ్చి, మళ్ళీ డి లో వేసినప్పుడు
పక్క అద్దంలో
అతని పెదాలు కదలడం చూశాను.
ఒకటి.